తోడు మనిషికి ఎనిమిది ప్రశ్నలు

పెద్దామె షాపులో చీటీ అన్నది ఉండేది కాదు. కొత్తగా వచ్చినవాళ్లు కంగారు పడేవారు. నాలుగు ప్యాంట్లు, రెండు కోట్లు బల్ల మీద పెట్టి, దేనికేం చెయ్యాలో చెప్పి, రాసుకుంటుందేమోనని చూస్తూ నిలబడేవారు. ఆమె రాసుకునేది కాదు. బట్టని వేళ్ల మధ్య ఒకసారి నలిపి, మనిషిని ఎగాదిగా చూసి, "గురువారం రండి" అనేది. గురువారం నాటికి ముప్పావంగుళం తగ్గించమన్నది ముప్పావంగుళమే తగ్గి ఉండేది. ముప్పై ఎనిమిదేళ్లలో ఒకరి బట్ట ఇంకొకరి కొలతకి తెగలేదు.

అది పాత బట్టలు సరిచేసే షాపు. పొడుగు తగ్గించడం, నడుము వదులు చెయ్యడం, జిప్పు మార్చడం, కోటుకి లోపలి లైనింగు వెయ్యడం. కొత్త బట్ట ముట్టుకునేది కాదు. "కొత్తది ఎవరైనా కుడతారు. ఒకడు పాడుచేసిన దాన్ని బాగుచెయ్యమను, చూద్దాం" అనేది. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ ఉన్న గది. వీధి వైపు అద్దం, దాని పక్కన బట్టలు మార్చుకోవడానికి తెర, కిటికీ కింద రెండు మిషన్లు, మూలన పాతది ఇంకొకటి. వెనక ఇంకో రెండు గదుల్లో కాపురం.

రెండో మిషను చిన్నామెది. ఇద్దరూ తోడికోడళ్లు. అన్నదమ్ములు ముందొకరు, వెనకొకరు పోయాక, పుట్టింటికి వెళ్లే వయసు దాటిపోయి, ఇద్దరూ అక్కడే ఉండిపోయారు. కత్తెర పెద్దామె చేతిలో ఉండేది. గుండీలు, కాజాలు, అంచు కుట్లు చిన్నామె పని. కోడలిగా వచ్చిన మొదటి ఏడు చిన్నామె ఒక మెరూన్ రంగు గౌనుకి ఆరు గుండీలు కుట్టి ఏడు కాజాలు తీసింది. ఆ ఏడో కాజా ఆమెని జీవితమంతా వదల్లేదు. ఏ మాట మీద మాట వచ్చినా పెద్దామె అక్కడికే వచ్చి ఆగేది.

పెద్దామెకి సొంత అక్క ఒకావిడ ఉండేది. బడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైంది. అరవై ఎనిమిదో ఏట ఆమెకి మతిమరుపు మొదలైంది. పిల్లలు, మరుదులు, చెల్లెలు, అందరూ కలిసి దాచారు. "ఏం లేదులే, వయసు" అన్నారు. ఒక ఆదివారం ఆవిడ కోటు తిరగేసి తొడుక్కుని, లైనింగు బయటికి కనిపిస్తూ ఉండగా, అందరి మొహాలూ చూసి, "నన్నెందుకు అలా చూస్తున్నారు? నాకేమైనా అయిందా?" అని అడిగింది. పెద్దామె లేచి, ఆ కోటు విప్పించి సరిగా తొడిగి వచ్చేసింది. ఆ తర్వాత మూడేళ్లు బతికింది ఆవిడ. ఆమెకి ఏమైందో ఆమెకి తప్ప అందరికీ తెలుసు.

అక్క పోయిన సంవత్సరమే విశ్వవిద్యాలయంలో పనిచేసే ఒకావిడ తెల్లకోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చి, బల్ల మీద ఒక కాగితం వదిలి వెళ్లింది. అరవై దాటి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కావాలి. వయసుతో పాటు మెదడు ఎలా మారుతుందో రెండేళ్లకోసారి ఫొటో తీసి చూస్తారు. వచ్చేటప్పుడు బాగా ఎరిగిన ఒక మనిషిని తోడు తెచ్చుకోవాలి.

"ఆరోగ్యంగా ఉన్నవాళ్లని పిలిచి ఏం చూస్తారక్కా?" అంది చిన్నామె.

"బుర్ర లోపల ఏముందో చూస్తారు."

"దానికంత దూరం పోవడమెందుకు? నన్నడిగితే చెప్పనూ? మెరూన్ గౌను ఉంటుంది."

పెద్దామె నవ్వలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సూదుల డబ్బాలో దాచింది.

మొదటిసారి వెళ్లినప్పుడు మిషను నడిపే అతను, ఒంటి మీద ఇనుము ఏమైనా ఉందా అని అడిగాడు. లేదంది. అతను చేతికర్రలాంటిది ఒకటి ఆమె చుట్టూ తిప్పితే అది మెడ దగ్గర కూసింది. కాలరులో రెండు సూదులు. మళ్లీ కూసింది. చేతి మడతలో గుండుసూది.

"ఇది పెద్ద అయస్కాంతం అమ్మా. సూది గాల్లోకి లేచిపోతుంది" అన్నాడు.

"నా సూది నేను చెప్పందే ఎక్కడికీ పోదు నాయనా" అంది కానీ, తీసి ఇచ్చింది. ఎన్ని ఇచ్చిందో లెక్కపెట్టుకుంది కూడా. రోజూ షాపు కట్టేసేముందు సూదులు లెక్కపెట్టడం ఆమె అలవాటు. ఒకటి తగ్గినా, దొరికేవరకు తలుపు వేసేది కాదు. ఎవరి బట్టలో ఉండిపోయిందో, ఎవరికి గుచ్చుకుంటుందో అని.

ముప్పావుగంట సొరంగంలో కదలకుండా పడుకుని బయటికి వచ్చాక చిన్నామె అడిగింది, భయం వేసిందా అని.

"భయమెందుకు? మొదట ఓవర్‌లాక్ మిషను చప్పుడు. తర్వాత కాజాల మిషను. ఆఖర్న మన మూలనున్న పాతదిలా కొట్టుకుంది. కాస్త నూనె వెయ్యండని చెప్పాను."

తర్వాత ఒక చిన్న గదిలో పదిహేను మాటలు చదివి వినిపించి, ఇరవై నిమిషాలయ్యాక చెప్పమన్నారు. పద్నాలుగు చెప్పింది. గడియారం బొమ్మ గియ్యమంటే గీసి, ముళ్లు కూడా సన్నగా చెక్కినట్టు దిద్దింది. ఈలోపు పక్క గదిలో చిన్నామెకి ఒక కాగితం ఇచ్చారు. తోడు మనిషికి ఎనిమిది ప్రశ్నలు. అడిగిందే మళ్లీ అడుగుతున్నారా? తేదీ, వారం తప్పుతున్నారా? చేతికి అలవాటైన పనిముట్లు వాడటంలో తడబడుతున్నారా? ఇలా ఎనిమిది. అన్నిటికీ "లేదు" దగ్గర గీత గీసింది. అప్పటికి అది నిజమే.

రీసెర్చ్ చేసే అమ్మాయి కాగితాలన్నీ చదివి వినిపించింది. ఎవరి ఫలితం వాళ్లకి విడిగా చెప్పరు. ఇది వైద్యం కాదు, పరిశోధన. కావాలంటే మెదడు ఫొటో ఒకటి గుర్తుగా ఇస్తారు. పెద్దామె శ్రద్ధగా విని సంతకం పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చిన్నామె ఉండబట్టలేక అంది.

"ఫలితం చెప్పకపోతే వెళ్లి ఏం లాభం అక్కా?"

"చెప్పకపోతే ఏం? బాగాలేనివాళ్లని మళ్లీ పిలవరుగా. వాళ్లకి కావలసింది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. రెండేళ్లకి పిలుపొచ్చిందంటే బాగున్నట్టు. రాలేదంటే తెలిసిపోయినట్టు."

చిన్నామెకి అది సబబుగానే తోచింది. పనికొచ్చే బట్టని బల్ల మీద ఉంచి పనికిరానిది గుట్టలో పడెయ్యడం ఇద్దరూ రోజూ చేసే పనే.

"ఇంకోటి" అంది పెద్దామె, కిటికీలోంచి చూస్తూ. "మా అక్కకి అందరం దాచాం. నాకు అలా చెయ్యకు. నీకు ఏ కాస్త తేడా కనిపించినా ముందు నాకు చెప్పు. తిడతాను. తిట్టినా చెప్పు."

"చెబితే ఏం చేస్తావు?"

"కత్తెర నా చేత్తో నేనే కింద పెడతాను. ఒకరి బట్ట పాడుచేసి, వాళ్లు లాక్కునేదాకా ఉండను. అంతే నాకు కావలసింది."

చిన్నామె సరేనంది.

మెదడు ఫొటో అద్దం పక్కన గోడకెక్కింది. నలుపూ తెలుపూ, అక్రోటు గింజని నిలువునా కోసినట్టు. బట్టలు మార్చుకోవడానికి వచ్చినవాళ్లు ఇదేమిటని అడిగితే, "నా బుర్ర. లైనింగు ఇంకా చిరగలేదు" అనేది.

తేడా ఎప్పుడు మొదలైందో చిన్నామెకి కూడా కచ్చితంగా తెలియదు. మందుల షాపాయన ప్యాంటు తీసుకుని వెళ్లిన సాయంత్రం, "ఆయన ప్యాంటు ఇంకా తీసుకెళ్లలేదేం?" అని పెద్దామె అడిగింది. తీసుకెళ్లాడుగా అంటే, "అవునవును" అంది. వారం తర్వాత ఇంకో బట్ట చేతిలో పట్టుకుని, నలుపుతూ, చాలాసేపు నిలబడింది. ఆ వేళ్లు దేనికోసమో వెతుకుతున్నట్టు చిన్నామెకి అనిపించింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు కత్తెర తీసింది. ఆ రోజుకి సరిగానే కత్తిరించింది.

చిన్నామె ఒక కోటు కొలత చీటీ మీద రాసి దాని జేబులో పెట్టింది. అది పెద్దామె చేతికి దొరికింది.

"ఇదేంటే?"

"ఊరికే. ఈ మధ్య పని ఎక్కువైంది కదా అని."

"నా బుర్రకి చీటీలేమిటి? నీ కాజాలకి రాసుకో. ఆరుకి ఆరు."

చెప్పవలసింది ఆ రోజే. మాట నోటి దాకా వచ్చింది. కానీ పెద్దామె ముందు ముప్పై ఏళ్లుగా చిన్నామె మాట నెగ్గిన రోజు లేదు. నీకేం తెలుసు అంటుంది. నిజంగానే తనకేం తెలుసు, అనుకుంది చిన్నామె. ఫొటోలు తీసేవాళ్లకి తెలుస్తుంది. వాళ్లే చెబుతారు, పిలవకపోవడమే చెప్పడం. ఆ పని వాళ్లకి వదిలేసి, తను ఇంకో పని మొదలుపెట్టింది.

బట్ట ఇచ్చిన మనిషి గుమ్మం దాటగానే, పెద్దామె టీ కోసం లోపలికి వెళ్లినప్పుడో, స్టవ్ దగ్గర ఉన్నప్పుడో, లోపలి అంచులో రంగు దారంతో చిన్న కుట్లు వేసేది. ఎర్ర దారమైతే తగ్గించాలి, నీలమైతే వదులు చెయ్యాలి. ఎన్ని కుట్లుంటే అన్ని పావంగుళాలు. పసుపైతే జిప్పు. పెద్దామెకి దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అయినా పది రోజుల్లో ఆమె వేళ్లు వాటిని పసిగట్టాయి. బట్ట తీసుకుని, అంచు తిరగేసి, బొటనవేలితో కుట్లు తడిమి, "అంగుళం, ఇదిగో" అని కత్తిరించేది. తనకే గుర్తుందనుకునేది. మొహంలో మళ్లీ పాత ధీమా వచ్చింది. పని అయ్యాక చిన్నామె ఆ దారాలు లాగేసి గుప్పిట్లో ఉండచుట్టి పారేసేది.

రెండో పిలుపు వచ్చింది. ఉత్తరం చూసుకుని పెద్దామె, "చూశావా?" అంది. అంతకు మించి ఏమీ అనలేదు కానీ, ఆ రోజంతా సన్నగా ఈల వేసింది.

ఈసారి పదిహేను మాటల్లో తొమ్మిది చెప్పిందట. పక్క గదిలో చిన్నామె ముందు అవే ఎనిమిది ప్రశ్నలు. గోడలో గాజు పలక ఉంది. దాని అవతల పెద్దామె కనిపిస్తోంది, పెన్సిలు పట్టుకుని, నాలుక కొస బయటపెట్టి, పరీక్ష రాసే పిల్లలాగా. తల ఎత్తి చిన్నామెని చూసి, ఎలా ఉంది నా పని అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది. చిన్నామె మొదటి ప్రశ్నకి "లేదు" దగ్గర గీత గీసింది. మొదటిదానికి గీశాక రెండోది కష్టం కాలేదు. ఎనిమిదీ లేదు.

మనుషులు చెప్పనిది మిషనే చూస్తుందిలే అనుకుంది.

తర్వాతి రెండేళ్లూ దారాలు పెరిగాయి. బట్టలకే కాదు. స్టవ్ మీటకి ఎర్ర దారం, వెనక తలుపుకి నీలం. వారాలు తప్పేవి. సాయంత్రం సూదుల లెక్క రెండుసార్లు, మూడుసార్లు నడిచేది. తగ్గిన రోజు చిన్నామె తన డబ్బాలోంచి ఒకటి తీసి నేల మీద వేసి, "ఇదిగో అక్కా, ఇక్కడుంది" అనేది. ఎవరైనా ఓపిక తక్కువ మనిషి ఏదైనా అంటే, పెద్దామె గోడ మీది ఫొటో వైపు వేలు చూపేది. "రెండుసార్లు పిలిచారు నన్ను. నిన్నెవరైనా పిలిచారా?"

మూడో పిలుపు రావడానికి కొద్దివారాల ముందు చిన్నామెకి పన్ను పీకించుకోవలసి వచ్చింది. దవడ వాచి రెండు రోజులు మంచం దిగలేదు. ఆ రెండు రోజుల్లో బస్సు డిపోలో పనిచేసే ఒకాయన వచ్చి, చనిపోయిన తన నాన్న కోటు ఇచ్చాడు. చేతులు తనకి పొట్టిగా ఉన్నాయి, లోపల మడతలో బట్ట ఉంది, విప్పి పొడుగు చెయ్యమన్నాడు. మూడో రోజు చిన్నామె లేచి షాపులోకి వచ్చేసరికి, ఆ కోటు బల్ల మీద ఉంది. రెండు చేతులూ మోచేతికి కిందుగా నీటుగా కత్తిరించి ఉన్నాయి. కత్తిరించిన ముక్కలు పక్కన మడతపెట్టి ఉన్నాయి. చాలా శుభ్రమైన పని.

కోటు తీసుకోవడానికి వచ్చిన ఆయన అరవలేదు. ముక్కల్ని చేతికి ఆనించి చూసుకున్నాడు. "ఇంకేం చెయ్యలేమా అమ్మా?" అని అడిగాడు.

"పొట్టి చెయ్యమన్నారుగా?" అంది పెద్దామె.

"పొడుగు చెయ్యమన్నాను. ఆయనది ఇదొక్కటే ఉంది నా దగ్గర."

పెద్దామె చిన్నామె వైపు చూసింది. అంచు తిరగేసింది. బొటనవేలు అటూ ఇటూ తడిమింది, ఏదో ఉండాల్సింది అక్కడ లేనట్టు. "నువ్వు పొట్టి అనే అన్నావు నాయనా" అంది, కానీ గొంతు చిన్నదైపోయింది. ఆయన కోటునీ ముక్కల్నీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం పెద్దామె మిషను ముందు కూర్చుని అడిగింది. "నాకేమైనా అయిందంటావా?"

అక్క అడిగిన మాటే. చిన్నామె దవడ పట్టుకుని నిలబడింది. ఎనిమిది ప్రశ్నలు, గాజు పలక, అన్నీ గుర్తొచ్చాయి. ఆమె నోరు తెరిచేలోపే పెద్దామె జవాబు చెప్పేసుకుంది.

"అయితే వాళ్లు పిలవరుగా. పిలిచారు. అంటే బుర్ర బాగుంది. చెయ్యి జారింది, అంతే."

మూడోసారి పక్క గదిలో చిన్నామె ఆరు ప్రశ్నలకి "అవును" దగ్గర గీత గీసింది. గాజు పలక వైపు చూడలేదు. రీసెర్చ్ అమ్మాయి కాగితం తీసుకుని, పాత కాగితం పక్కన పెట్టుకుని చదివింది.

"కిందటిసారి అన్నీ లేదని రాశారు కదండీ. ఇదంతా ఈ రెండేళ్లలోనేనా?"

"కాదమ్మా. కిందటిసారికే ఉంది."

అమ్మాయి కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "అప్పుడు పరీక్షలో కొంచెం తగ్గారు. తోడు మనిషి ఏమీ లేదన్నారు కాబట్టి వయసుకి మామూలే అనుకున్నాం. ఇన్నాళ్లూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లెక్కలోనే ఉన్నారు ఆవిడ."

"ఫొటోలో తెలియదా?"

"ఒక్క ఫొటో చూసి చెప్పలేం. వందలమందివి కలిపి చూస్తాం. అందుకే మిమ్మల్ని అడుగుతాం."

చిన్నామె చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "అప్పుడే చెప్పుంటే మందేమైనా ఉండేదా?"

"నయం చేసే మందు లేదండీ." అమ్మాయి అబద్ధం చెప్పే మనిషి కాదు. "కానీ అప్పటికి ఆవిడకి చెబితే అర్థమయ్యేది. ఏం చెయ్యాలో ఆవిడే ఆలోచించుకునేవారు."

డాక్టరు పేరు రాసి ఇచ్చింది. ఈ పరిశోధనలో ఇక కొనసాగించలేమని ఉత్తరం వస్తుందని చెప్పింది. బయట బెంచీ మీద పెద్దామె తన సూదులు వెనక్కి తీసుకుని లెక్కపెట్టుకుంటోంది. నాలుగు. మళ్లీ మొదట్నుంచి. నాలుగు.

చిన్నామె ఆ రోజు బస్సులోనే చెప్పింది. అంతా చెప్పింది. దారాలు, సూదులు, గీసిన గీతలు. కళ్లు తుడుచుకుంటూ, ముందు సీటు వైపు చూస్తూ చెప్పింది. పెద్దామె తిట్టలేదు.

"నాలుగేళ్ల నుంచా?"

"మూడుకి పైనే."

"నేను చెప్పమన్నానుగా."

"అన్నావు."

పెద్దామె చేయి చాపి చిన్నామె మోకాలి మీద పెట్టింది. "సరే. షాపు నేనే మూస్తాను. నేనే చెబుతాను అందరికీ. రేపు కత్తెర తీసి నీకిస్తాను." గొంతు పూర్తిగా పాత పెద్దామెదే. చిన్నామెకి ఆ ఒక్క సాయంత్రం, ఇంకా ఆలస్యం కాలేదేమో అనిపించింది.

మర్నాడు పొద్దున పెద్దామె అందరికంటే ముందు లేచి, షాపు తలుపు తీసి, కాలరులో సూదులు గుచ్చుకుని, మిషను ముందు కూర్చుంది. "ఏమే, వాళ్ల ఉత్తరం వచ్చిందా? ఈసారి వెళ్లాలిగా."

చిన్నామె మళ్లీ చెప్పింది. పెద్దామె విని, మొదటిసారి విన్నట్టే మొహం పాలిపోయి, అవే మాటలంది. నేను చెప్పమన్నానుగా. కత్తెర తీసి చిన్నామె చేతిలో పెట్టింది. మధ్యాహ్నానికి కత్తెర కోసం వెతుక్కుంది. ఆ వారంలో నాలుగుసార్లు చెప్పింది చిన్నామె. ప్రతిసారీ ఆ మొహం అలాగే పాలిపోయింది, ప్రతిసారీ కొత్తగా. చెప్పవలసిన రోజున చెప్పని మాట, ఇప్పుడు ఎన్నిసార్లు చెప్పినా నిలిచే చోటు లేదు.

విశ్వవిద్యాలయం ఉత్తరం వచ్చింది. ఇన్నేళ్లూ సహకరించినందుకు కృతజ్ఞతలు అని మొదలైంది. చిన్నామె దాన్ని చదివి దారాల డబ్బా అడుగున పెట్టింది. బట్టలు తీసుకోవడం మానేసింది. పెద్దామె ముందు పాత దుప్పట్ల ముక్కలు పెడుతుంది. ఆమె వాటిని నలిపి, అంచులు తిరగేసి, తడిమి, పక్కన పేర్చి పెడుతుంది. తలుపు మీద షాపు మూసేశామన్న కాగితం వీధి వైపుకి ఉంది, లోపలి నుంచి కనిపించదు.

"ఉత్తరం వచ్చిందా?" అని అడిగింది పెద్దామె నిన్న.

చిన్నామె సూదిలో దారం ఎక్కిస్తూ ఉంది. ఎక్కించి, కొస ముడి వేసింది.

"ఇంకా రాలేదక్కా."

"వస్తుందిలే. రెండుసార్లు పిలిచినవాళ్లు మూడోసారి పిలవరా?" గోడ మీది ఫొటో వైపు ఒకసారి చూసి, దుప్పటి ముక్క అంచు తిరగేసింది. "నువ్వు మాత్రం ఆ కాజాలు లెక్కపెట్టి తియ్యి. ఆ మెరూన్ గౌను నేను మర్చిపోయాననుకోకు."